చైనాతో విమాన సర్వీసుల ఒప్పందం: ఫైలు తెరిచిన రోజు నుంచి మొదటి విమానం దాకా

ఢిల్లీ నుంచి బీజింగ్ నాలుగు వేల కిలోమీటర్ల లోపే. అయినా 2020 మొదట్లో కోవిడ్‌తో ఆగిన నేరు విమానాలు, ఆ తర్వాత గల్వాన్ గొడవతో అలాగే ఉండిపోయి, 2025 అక్టోబర్ 26న గానీ మళ్లీ మొదలుకాలేదు. ఆ రోజు కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు ఇండిగో విమానం లేచింది. అప్పటిదాకా చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు బ్యాంకాక్‌లోనో కౌలాలంపూర్‌లోనో గంటల కొద్దీ పడిగాపులు పడి, ఇంకో విమానం ఎక్కి వెళ్లారు. ఆ టికెట్ డబ్బులు మూడో దేశపు ఎయిర్‌లైన్స్ జేబులోకి పోయాయి.

మీరు పౌర విమానయాన శాఖలో కొత్తగా చేరిన అధికారి కావచ్చు. ఎయిర్‌లైన్‌లో రూట్లు ప్లాన్ చేసేవారో, విమానాశ్రయం తరఫున కొత్త సర్వీసులు తెచ్చే పనిలో ఉన్నవారో కావచ్చు. చైనాతో చర్చల బృందంలో మీ పేరు పడిందనుకుందాం. ఏం చేయాలో వరసగా చెబుతాను. ఒక్క విషయం మాత్రం మొదటి నుంచీ మనసులో పెట్టుకోండి: కాగితం మీద వచ్చే హక్కు వేరు, రన్‌వే మీద దొరికే టైమ్ వేరు. చైనా విషయంలో ఈ రెంటి మధ్య దూరం మరీ ఎక్కువ.

మొదట పాత కాగితాలన్నీ బయటికి తీయండి

1944 నాటి షికాగో ఒప్పందంలో ఆరో అధికరణం ఉంది. ఏ దేశపు రెగ్యులర్ విమాన సర్వీసైనా ఇంకో దేశంలోకి రావాలంటే ఆ దేశం అనుమతి ఉండాల్సిందే అన్నది దాని సారం. అందుకే ప్రతి రెండు దేశాలూ విడిగా కూర్చుని మాట్లాడుకోవాల్సి వస్తోంది. భారత్, చైనా ఈ పని 1988 డిసెంబర్‌లో, రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లినప్పుడు చేశాయి. రెండు రాజధానుల మధ్య నేరు విమానం మాత్రం 2002లో గానీ ఎగరలేదు. సంతకానికీ విమానానికీ మధ్య పదమూడేళ్లకు పైగా గడిచాయి. చర్చలకు వెళ్లే ప్రతి ఒక్కరూ ఈ అంకెను డైరీ మొదటి పేజీలో రాసుకోవచ్చు.

అసలు ఒప్పందం పది పదిహేను పేజీలు ఉంటుంది. అందులో అంకెలు పెద్దగా ఉండవు. ఎన్ని విమానాలు, ఏ ఊళ్లు, ఎన్ని ఎయిర్‌లైన్స్ అన్నవన్నీ అనుబంధంలోనూ, తర్వాత ఎప్పుడెప్పుడో రాసుకున్న ఎంఓయూల్లోనూ (అవగాహన పత్రాలు), చర్చల మినిట్స్‌లోనూ చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక ఎంఓయూ పాత ఎంఓయూని కొట్టేసిందా, దానికి జత అయిందా అన్నది చూడకుండా బయల్దేరకండి. అవతలి వాళ్లు ఈ కాగితాలను తేదీలతో సహా నోటికి అప్పజెబుతారు.

హక్కుల భాష కూడా ఒకసారి నెమరు వేసుకోండి. ఈ రంగంలో ఒక్కో హక్కునూ 'ఫ్రీడమ్' అంటారు. మీ దేశం నుంచి మనుషుల్ని చైనాకు దింపడం మూడో ఫ్రీడమ్, అక్కడి నుంచి ఎక్కించుకు రావడం నాలుగోది. చైనాలో ఎక్కించుకుని ముందుకెళ్లి జపాన్‌లో దింపితే ఐదోది. చైనా నుంచి తెచ్చిన ప్రయాణికుణ్ణి మీ హబ్‌లో విమానం మార్చి దుబాయ్ పంపితే ఆరోది. చర్చల్లో వేడంతా ఐదు దగ్గర పుడుతుంది. డబ్బు మాత్రం చప్పుడు లేకుండా ఆరులో తిరుగుతుంది.

ఇంకొక సంగతి. హాంకాంగ్, మకావు ఈ ఫైల్లో ఉండవు. హాంకాంగ్‌కు తన బేసిక్ లా (రాజ్యాంగం లాంటి చట్టం) ప్రకారం విడిగా విమాన ఒప్పందాలు చేసుకునే ఏర్పాటు ఉంది. ఢిల్లీ–బీజింగ్ మూసుకుపోయిన 2023, 2024లలో కూడా ఢిల్లీ, ముంబై నుంచి హాంకాంగ్‌కు విమానాలు తిరగడానికి కారణం అదే. తైవాన్ సంగతి వేరు, దాని జోలికి టేబుల్ దగ్గర పోవద్దు. 2018లో చైనా విమానయాన శాఖ విదేశీ ఎయిర్‌లైన్స్‌కు లేఖలు రాసి, వెబ్‌సైట్లలో తైవాన్ పేరు ఎలా ఉండాలో చెప్పింది. ఎయిర్ ఇండియా కూడా ఆ ఏడాది తన సైట్లో 'చైనీస్ తైపే' అని మార్చుకుంది. మీ ప్రెజెంటేషన్‌లోని మ్యాపులు ఒకటికి రెండుసార్లు విదేశాంగ శాఖ వాళ్లకు చూపించండి. మన మ్యాపు మనకూ ముఖ్యమే కదా, అరుణాచల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మ్యాపే లేకుండా ఊళ్ల పేర్ల పట్టికతో పని కానిస్తే ఇంకా సుఖం.

అడిగే ముందు మీ వాళ్లు ఎన్ని ఎగరగలరో లెక్కేయండి

చాలా బృందాలు తప్పు చేసేది ఇక్కడే. ఎన్ని ఎక్కువ అడిగితే అంత గెలిచినట్టు అనుకుంటారు.

2019 డిసెంబర్ లెక్క తీసుకోండి. ఆ నెలలో భారత్, చైనా మధ్య 539 నేరు విమానాలు షెడ్యూల్‌లో ఉన్నాయి. అందులో 371 చైనా కంపెనీలవి, 168 మనవి. ఇప్పుడు కాగితం తీసి గుణించండి. 371ని 31 రోజులకు పంచి వారానికి లెక్కేస్తే 84 దాకా వస్తుంది. వెళ్లేదొకటి, వచ్చేదొకటి కాబట్టి సగం చేస్తే 42 రాకపోకలు. రెండు దేశాల మధ్య అప్పట్లో ఒక్కో వైపుకు ఉన్న పరిమితి కూడా అంతే, వారానికి 42. అంటే చైనా తన వాటా చివరి బొట్టు దాకా వాడుకుంది. మన 168ని అలాగే లెక్కేస్తే 19. సగం కూడా కాదు.

ఇలాంటి పరిస్థితిలో '42ని 84 చేద్దాం' అని మీరే అడిగితే ఎవరికి మేలు? వెంటనే ఎగరడానికి విమానాలు సిద్ధంగా ఉన్నవాళ్లకి. మన 2016 పౌర విమానయాన విధానంలో, అంటే విజయనగరం అశోక్ గజపతిరాజు గారు మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన దానిలో, ఈ సమస్యకు ఒక గీత గీశారు. ఢిల్లీ నుంచి 5,000 కిలోమీటర్లకు అవతలి దేశాలతో ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో ఓపెన్ స్కై, అంటే విమానాల సంఖ్యకు పరిమితి లేకపోవడం. లోపల ఉన్న దేశాలైతే, మన కంపెనీలు తమ వాటాలో 80 శాతం వాడాయా లేదా అన్నది చూడాలి. బీజింగ్ ఆ గీత లోపలే పడుతుంది.

అయితే తలుపు గట్టిగా మూసి కూర్చోవడం కూడా తెలివైన పని కాదని నా అభిప్రాయం. ఆ ప్రయాణికుడు ఎలాగూ వెళ్తాడు, సింగపూర్ మీదుగా వెళ్తాడు. పరిమితి వల్ల చైనా కంపెనీ నష్టపోవచ్చు గానీ లాభపడేది మన కంపెనీ కాదు. కాబట్టి లెక్కలో మూడు నిలువు వరసలు పెట్టండి: మీ వాళ్లు రెండేళ్లలో నిజంగా పెట్టగలిగిన విమానాలు, వాళ్లు పెట్టగలిగినవి, మూడో దేశం మీదుగా జారిపోతున్న ప్రయాణికులు. మూడో వరస చూపించకుండా మీ సొంత ఎయిర్‌లైన్స్‌తో మీటింగ్ పెట్టకండి. వాళ్లు మొదటి వరస మాత్రమే చూసి 'వద్దు సార్' అంటారు.

సీట్లు కూడా చూడాలి. ఒప్పందం విమానాల సంఖ్యను మాత్రమే లెక్కిస్తే, 180 పైచిలుకు సీట్ల ఏ320కీ, అంతకన్నా చాలా పెద్దదైన ఏ330కీ ఒకే లెక్క. ఇండిగో చిన్న విమానంతో వెళ్తుంటే, ఢిల్లీ–షాంఘైకి చైనా ఈస్టర్న్ ఏ330 తెస్తుంది. మీ దగ్గర చిన్న విమానాలే ఉంటే సీట్ల లెక్క అడగండి. పెద్దవి రాబోతుంటే విమానాల లెక్కే మీకు మంచిది.

అవతల కూర్చునేది ఎవరో తెలుసుకోండి

చైనా పౌర విమానయాన శాఖను వాళ్లు 'మిన్‌హాంగ్‌జూ' అంటారు. ప్రపంచమంతా సీఏఏసీ అంటుంది. 1949 నవంబర్‌లో పుట్టిన ఈ సంస్థ 1980ల దాకా నియంత్రించేదీ తనే, విమానాలు నడిపేదీ తనే. ఆ తర్వాత కంపెనీలను విడదీశారు. ఎయిర్ చైనా, చైనా ఈస్టర్న్, చైనా సదరన్ అలా వచ్చినవే. మూడూ ప్రభుత్వానివే. 2008 నుంచి సీఏఏసీ రవాణా మంత్రిత్వ శాఖ కింద ఉంది. మీతో మాట్లాడేది దాని అంతర్జాతీయ వ్యవహారాల విభాగం. రేపు పర్మిట్ ఇవ్వాల్సింది, స్లాట్ (విమానం దిగడానికో లేవడానికో కేటాయించే టైమ్) చూడాల్సింది వేరే బల్లలు. ఆకాశంలో అత్యధిక భాగం సైన్యం చేతిలో ఉంటుంది. ఈ ముక్క చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. కొత్త ఎయిర్ రూట్ గానీ, పొద్దున పూట ఒక స్లాట్ గానీ అడిగినప్పుడు ఎదుటి అధికారి తటపటాయిస్తే అది బేరం కోసమే అనుకోకండి, నిజంగా అతని చేతిలో లేకపోవచ్చు.

మీకు పనికొచ్చే మనుషులు ఇంకొకళ్లున్నారు, రాష్ట్రాల వాళ్లు. చెంగ్డూ, కున్మింగ్, షీయాన్, చోంగ్‌చింగ్ లాంటి ఊళ్ల స్థానిక ప్రభుత్వాలు అంతర్జాతీయ విమానాల కోసం చేతి డబ్బు కూడా పెడతాయి. మనదగ్గర రాష్ట్రాలు ఫ్యాక్టరీల కోసం పోటీ పడినట్టు అక్కడ రూట్ల కోసం పోటీ. బీజింగ్‌లో చర్చలకు వెళ్లేముందు ఈ ఊళ్ల విమానాశ్రయాల వాళ్లతో మీ ఎయిర్‌లైన్ చేత విడిగా మాట్లాడించండి. కేంద్రం దగ్గర మీ తరఫున గట్టిగా అడిగేది వాళ్లే.

ఇంకో మార్పు గమనించండి. సుదూర రూటుకు ఒకే చైనా కంపెనీ అన్న నిబంధన చాలాకాలం ఉండేది. 2018 అక్టోబర్ 1 నుంచి దాన్ని సడలించారు. కాబట్టి మీకు పోటీగా వచ్చేది పెద్ద మూడూ మాత్రమే అనుకోకండి. సిచువాన్, షాన్‌డోంగ్, హైనాన్ కంపెనీలనూ లెక్కలో వేసుకోండి.

ఎంత అడగాలి, ఏ ఆకారంలో అడగాలి

చైనా తలుపు ఒక్కసారిగా తెరిచిన సందర్భాలు లేకపోలేదు. 2016 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాతో పరిమితులన్నీ తీసేసింది. కానీ పెద్ద దేశాలతో మామూలుగా మెట్లు కట్టుకుంటూ పోతుంది. అమెరికాతో 1980 సెప్టెంబర్‌లో మొదలైన ఒప్పందాన్ని చదివితే ఆ మెట్లు కనిపిస్తాయి. 2004లో వారానికి 54 విమానాలున్న చోట ఆరేళ్లలో 249కి చేర్చారు. కొత్తగా వచ్చిన 195లో 111 కేవలం సరుకు విమానాలవి, 84 ప్రయాణికులవి. ఒక్కో వైపు ఐదు కొత్త ఎయిర్‌లైన్స్‌కు దారి ఇచ్చారు. 2007లో ఇంకో మెట్టు ఎక్కి, 2011 నాటికి కార్గోపై పరిమితులు ఎత్తేయాలని రాసుకున్నారు.

ఇందులో పాఠం ఏమిటంటే, కార్గోతో మొదలుపెడితే త్వరగా కదులుతుంది. ఫ్యాక్టరీల దేశానికి సరుకు బయటికి వెళ్లడం కావాలి. తమ కంపెనీ వాటా పోతుందన్న భయం కార్గోలో తక్కువ. అమెరికన్లు దాన్ని బాగా వాడుకున్నారు. ఫెడెక్స్ 2009లో ఫిలిప్పీన్స్‌లోని సూబిక్ బే నుంచి తన ఆసియా హబ్‌ను గ్వాంగ్‌జౌకు మార్చింది. మీ బృందంలో ప్రయాణికుల రూట్ల గురించి మాత్రమే తెలిసినవాళ్లుంటే ఒక కార్గో మనిషిని చేర్చండి. హైదరాబాద్ నుంచి మందులు, అటు నుంచి ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు కదిలే వ్యాపారం ఉంది కాబట్టి మనకిది ఊరికే చెప్పే ముచ్చట కాదు.

రెండోది, ఊళ్లను గుంపులుగా అడగండి. అమెరికాతో ఒప్పందంలో చైనాను జోన్లుగా విడదీశారు. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ ఒకటో జోన్. అక్కడ వారానికి 180 విమానాలకు మించకూడదు. మిగతా జోన్లలో అలాంటి గీత లేదు. మీరూ ఇలాగే, పెద్ద మూడు ఊళ్లకు చిన్న అంకె, మిగతా ఊళ్లకు పెద్ద అంకె లేదా పరిమితే లేకుండా అడగొచ్చు. వాళ్లకది నచ్చే ఆకారం. దానికి బదులు మీ వైపు కూడా ఢిల్లీ, ముంబై విడిగా, హైదరాబాద్, విశాఖ లాంటివి విడిగా పెట్టొచ్చు. రెండో వరస ఊళ్లకు నేరు విమానం రావడానికి ఇంతకన్నా దగ్గర దారి నాకు తెలియదు.

ఐదో ఫ్రీడమ్ చివర్లో అడగండి. అడక్కుండా ఉండొద్దు. 2020 జూన్‌లో హైనాన్ ద్వీపంలో ఏడో ఫ్రీడమ్ కూడా ప్రయోగాత్మకంగా తెరిచారు. అంటే విదేశీ కంపెనీ తన సొంత దేశం తాకకుండానే హైనాన్ నుంచి మూడో దేశానికి నడపొచ్చు. దేశమంతా ఇవ్వనిది ఒక ద్వీపంలో ఇవ్వడం వాళ్ల అలవాటు. 'ఫలానా ఒక్క ఊరి నుంచి' అని చిన్నది చేసి అడిగితే దొరికే అవకాశం పెరుగుతుంది.

టేబుల్ దగ్గర

మీటింగ్ వంతులవారీగా ఒకసారి మీ దగ్గర, ఒకసారి వాళ్ల దగ్గర జరుగుతుంది. లేదంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏటా పెట్టే చర్చల సంతలో కలుసుకోవచ్చు. 2011లో అది ముంబైలోనే జరిగింది. అక్కడ ఒకే హోటల్లో వారంలో ఐదారు దేశాలతో మాట్లాడేయొచ్చు. చైనాతో మాత్రం అరగంట టేబుల్ టైమ్‌లో పెద్ద పని కాదు, పరిచయానికి వాడుకోండి.

పేర్ల దగ్గర పొరపాటు పడకండి. వాళ్లకు ఇంటిపేరు ముందు. సీఏఏసీ అధిపతి సోంగ్ జీయోంగ్ అయితే 'సోంగ్' ఇంటిపేరు. ఇంటిపేరు ముందు పెట్టుకునే తెలుగువాళ్లకు ఇది చెప్పాల్సిన పనే లేదు, మన పేర్లు తలకిందులైనప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు. పదవితో కలిపి పిలవండి. అటువైపు మాట్లాడేది బృంద నాయకుడే, మిగతావాళ్లు రాసుకుంటారు. మీ వైపు నలుగురు నాలుగు మాటలు మాట్లాడితే వాళ్లకు కనిపించేది ఉత్సాహం కాదు, మీలో మీకు కుదరలేదన్న సంగతి. ఏదైనా తేడా ఉంటే విరామం అడిగి పక్క గదిలో తేల్చుకోండి.

సొంత దుబాసీని తీసుకెళ్లండి. అవతలివాళ్లకు ఇంగ్లిష్ బాగా వచ్చినా సరే. చిన్న వాక్యాలు మాట్లాడండి. అంకె చెప్పిన ప్రతిసారీ కాగితం మీద రాసి చూపించండి.

వాళ్లు మొదట సూత్రాలు మాట్లాడదాం అంటారు. సమానత్వం, పరస్పర లాభం, స్నేహం. మన అధికారులకు ఇక్కడే విసుగొచ్చి, తలూపేసి, అంకెల్లోకి దూకుతారు. అలా చేయకండి. రెండో రోజు మీరు అదనపు విమానాలు అడిగితే, 'నిన్న పరస్పర లాభం అన్నారు కదా' అని మీ మాటే మీ ముందు పెడతారు. సూత్రాలు మాట్లాడే గంటలోనే 'సమాన అవకాశం అంటే స్లాట్లలో కూడా' అని చేర్పించండి. చివరి రోజు అదే ముక్క మీకు ఆసరా.

కొన్ని మాటలు అర్థం చేసుకోవాలి. 'యెన్‌జ్యూ యెన్‌జ్యూ' అంటే పరిశీలిస్తాం. మన ఇళ్లలో పిల్లవాడు సైకిల్ అడిగితే నాన్న 'చూద్దాంలే' అంటాడు చూశారా, అది. 'బు ఫాంగ్‌బ్యెన్', అంటే కాస్త ఇబ్బంది అన్న మాట వస్తే ఆ తలుపు దాదాపు మూసినట్టే, వేరే తలుపు చూసుకోండి. 'యువాన్‌జ షాంగ్' అంటే సూత్రప్రాయంగా. మన పేపర్లు చదివేవాళ్లకు ఈ పదం కొత్తా? 2025 జనవరిలో విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ బీజింగ్ వెళ్లినప్పుడు విమానాలు మళ్లీ నడపడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. అంతకు ముందు 2024 సెప్టెంబర్‌లోనే మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఢిల్లీ సదస్సులో సోంగ్ జీయోంగ్‌తో ఈ విషయం మాట్లాడారు. జనవరి అంగీకారం తర్వాత సాంకేతిక చర్చలు, ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ పర్యటన, అక్టోబర్ 2న ప్రకటన. సూత్రం నుంచి విమానం దాకా తొమ్మిది నెలలు. రాజకీయంగా రెండు వైపులా మనసు కుదిరాక కూడా అంత పట్టింది.

విందులో గ్లాసులు ఎత్తుతూనే ఉంటారు. తాగని అలవాటుంటే మొదటి గ్లాసు దగ్గరే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మూడో గ్లాసు దగ్గర మానితే అనుకుంటారు. విందులో అంకెలు మాట్లాడకూడదు గానీ, ఏ అంకె అసలు కదలదో విందులోనే తెలుస్తుంది.

కాగితం రాసేటప్పుడు

ముందు 'ఒక విమానం' అంటే ఏమిటో రాయండి. పైన 371ని మనం 84గానూ, 42గానూ చదివాం కదా. ఒకరు రాకపోకను ఒకటిగా, ఇంకొకరు రెండుగా లెక్కేస్తే ఒప్పందం సగానికి సగం తేడా కొడుతుంది. 'వారానికి ఒక్కో వైపు ఇన్ని రాకపోకలు' అని అనుబంధం మొదటి వరసలోనే పెట్టండి.

ఒప్పందం చైనీస్‌లోనూ, ఇంగ్లిష్‌లోనూ, మీ దేశ భాషలోనూ ఉంటుంది. తేడా వస్తే ఏ ప్రతి చెల్లుతుందో ఒక వాక్యం ఉండాలి. చైనీస్ ప్రతిని మీ దుబాసీ పదం పదం చదివేదాకా సంతకం గదిలోకి వెళ్లొద్దు.

సంపాదించిన యువాన్లను ఇంటికి పంపుకునే హక్కు, పన్ను మినహాయింపు, సొంత టికెట్ ఆఫీసు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీని ఎంచుకునే వీలు, కోడ్‌షేర్. ఇవి బోరు కొట్టే అధికరణాలు. చర్చల్లో వీటికి పది నిమిషాలు కూడా ఇవ్వరు. రేపు మీ స్టేషన్ మేనేజర్ రోజూ గుద్దుకునేది వీటినే. కోడ్‌షేర్ విషయంలో చైనా లోపలి ఊళ్లకు వాళ్ల కంపెనీ విమానం మీద మీ నంబర్ పెట్టుకునే వీలు తప్పకుండా రాయించండి. మీ విమానం గ్వాంగ్‌జౌ దాకే వెళ్లినా, టికెట్ వుహాన్ దాకా అమ్మొచ్చు.

ఇప్పుడు ఎక్కువసేపు ఆగాల్సిన చోటు, గొడవ వస్తే ఏం చేయాలన్నది. 2020 మార్చి 26న చైనా ఒక ఉత్తర్వు ఇచ్చింది. కోవిడ్ కారణంగా ప్రతి విదేశీ కంపెనీ చైనాకు ఒకే రూటు, వారానికి ఒకే విమానం. చూడటానికి అందరికీ సమానమే. కానీ ఆ ఒక్కటి మార్చి 12 నాటి షెడ్యూల్‌లో ఉన్న రూటు అయి ఉండాలి. అమెరికా కంపెనీలు అప్పటికే విమానాలు ఆపేశాయి. వాళ్ల లెక్క సున్నా. చైనా కంపెనీలు మాత్రం అమెరికాకు వెళ్తూనే ఉన్నాయి. జూన్ 3న అమెరికా రవాణా శాఖ, 16 నుంచి చైనా ప్రయాణికుల విమానాలు ఆపేస్తామని ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడే సీఏఏసీ నిబంధన మార్చింది. ఆ మర్నాడు అమెరికా కూడా మెత్తబడి, వారానికి రెండు అనుమతించింది. ఆ తర్వాత నాలుగు, ఎనిమిది అంటూ ఇద్దరూ ఒక్కో మెట్టు ఎక్కారు. కోవిడ్‌కు ముందు ఒక్కో వైపు వారానికి 150కి పైగా ఉన్న చోట, 2024 మార్చి చివరికి చైనా కంపెనీలకు ఇచ్చింది 50.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, 'న్యాయమైన, సమాన అవకాశం' అన్న అధికరణం అలంకారం కాదు, అమెరికా దాన్ని పట్టుకునే అడిగింది. మీ కాగితంలో అది ఉండాలి. రెండు, ఏ ఆంక్షకైనా ఆధారంగా ఏ తేదీని తీసుకుంటారన్నదే అసలు విషయం. తాత్కాలిక ఆంక్షలు వస్తే రెండు పక్షాలూ కూర్చుని ఆ తేదీ నిర్ణయించాలని, ఇన్ని రోజుల్లో సంప్రదింపులు మొదలవ్వాలని రాయించండి. 30 రోజులు అడగండి. 60 అంటారు. 45 దగ్గర ఆగినా మంచిదే.

సంతకం అయ్యాక అసలు పని

ఫొటోలు దిగారు, పెన్నులు మార్చుకున్నారు, ఇంటికొచ్చారు. ఇప్పుడు దౌత్య మార్గంలో మీ ఎయిర్‌లైన్‌ను నామినేట్ చేస్తూ లేఖ వెళ్లాలి. ఎయిర్‌లైన్ రూటు పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. భద్రత తనిఖీ కింద ఆపరేషన్స్ అనుమతి వేరే. ఈ రెండూ వేర్వేరు నిబంధనల కింద, వేర్వేరు టేబుళ్ల మీద ఉంటాయి. ఆ ఊరు ఏ ప్రాంతంలో ఉందో ఆ ప్రాంతీయ విమానయాన కార్యాలయం కూడా చూస్తుంది.

చివరిది, అన్నిటికన్నా గట్టిది స్లాట్. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 2016 చివర్లో లాస్ ఏంజెలిస్–బీజింగ్ రూటు దక్కింది. సొంత ప్రభుత్వం ఇంకో పోటీదారును కాదని ఇచ్చింది. హక్కు చేతిలో ఉంది, విమానం ఉంది. బీజింగ్‌లో వ్యాపారానికి పనికొచ్చే టైమ్ దొరక్క, 2017 నవంబర్ దాకా ఎగరలేకపోయారు. 2019 సెప్టెంబర్‌లో డాషింగ్ విమానాశ్రయం తెరిచాక బీజింగ్‌లో చోటు పెరిగింది గానీ, మంచి గంటలకు గిరాకీ తగ్గలేదు.

కాబట్టి క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కేయండి. వేసవి షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం, శీతాకాలం అక్టోబర్ చివరి ఆదివారం మొదలవుతాయి. 2025లో అక్టోబర్ 26 ఆ ఆదివారమే, అందుకే కోల్‌కతా విమానం ఆ రోజు లేచింది. వేసవి కోసం ప్రపంచ స్లాట్ల సమావేశం ముందటి నవంబర్‌లో, శీతాకాలం కోసం జూన్‌లో జరుగుతాయి. దరఖాస్తులు వాటికి నెల ముందే వెళ్లిపోతాయి. శీతాకాలం విమానానికి మీరు ఆగస్టులో ఒప్పందం సంతకం చేస్తే, క్యూలో చివర నిలబడినట్టే. సంతకం ఏప్రిల్ లోపు అయ్యేలా చర్చల తేదీలు పెట్టుకోండి. కుదరకపోతే, మొదటి సీజన్‌కు ఫలానా ఊరిలో ఫలానా గంటల మధ్య స్లాట్ 'ఇప్పించడానికి సహకరిస్తారు' అన్న ఒక్క వాక్యమైనా మినిట్స్‌లో పెట్టించండి. చట్టబద్ధంగా దానికి బలం తక్కువే. కానీ సూత్రాల గంటలో మీరు చేర్పించిన 'స్లాట్లలో కూడా సమాన అవకాశం' అన్న ముక్క పక్కన పెడితే, బీజింగ్‌లోని మీ రాయబార కార్యాలయం వాళ్లు ఫోన్ చేసి అడగడానికి ఒక కాగితం ఉంటుంది.

మొదటి స్లాట్ తెల్లవారుజామున రెండున్నరకు ఇస్తే కాదనకండి, తీసుకోండి. సీజన్‌లో 80 శాతం విమానాలు నడిపితే ఆ స్లాట్ మళ్లీ ఏడాదికి మీ పేరనే ఉంటుందన్నది అంతర్జాతీయ పద్ధతి. ప్రయాణికులు తిట్టుకుంటారు, నిజమే. మొదటి విమానానికి నీళ్లతో స్వాగతం చెప్పి, కేక్ కోసే సాయంత్రమే మీ షెడ్యూలింగ్ మనిషిని పక్కకు పిలిచి, వచ్చే సీజన్‌కు పొద్దున ఏడున్నర స్లాట్ దరఖాస్తు ఎప్పుడు పెడుతున్నాడో అడగండి.